సిక్కు మావ సాక్ష్యం

పోయిన వారం మా గుమ్మంలోకి ఒకాయన వచ్చాడు. మెడలో పట్టీకి వేలాడే గుర్తింపు కార్డు, చేతిలో వేలిముద్ర మిషను, మొహం నిండా సేవాభావం. "కాకూ, హెల్త్ కార్డు రెన్యువల్. ఒక్క వేలు పెట్టండి, చాలు" అన్నాడు బెంగాలీలో.

ఆ మాట పూర్తయ్యేలోగా నా రెండు చేతులూ వాటంతటవే లుంగీ మడతల్లోకి దూరిపోయాయి. "ఏటికి?" అన్నాను. మాట నా నోట్లోంచే వచ్చింది గానీ గొంతు నాది కాదు. లోపల పోపు వేయిస్తున్న మా ఆవిడ గరిటె ఆపి, "ఓలమ్మ, మావ దిగినాడు!" అని పకపకా నవ్వింది. ఏ జబ్బుకి, ఏ ఆసుపత్రికి, ఎవరు పంపారు అని నేను వరసగా అడిగేసరికి ఆ సేవాభావం మిషను సంచిలో పెట్టుకుని వీధి మలుపు తిరిగిపోయింది.

మావ పోయి ఏడాది దాటింది. ఆయన అసలు పేరు పింఛను పుస్తకంలో ఉంది, అక్కడే ఉండనిద్దాం. రైల్వే పనికొచ్చిన తెలుగువాళ్ళు స్థిరపడిపోయిన బెంగాల్ ఊరు మాది. ఇక్కడి ట్రాఫిక్ కాలనీలో ఆ పేరుతో ఆయన్ని పిలిచినవాళ్ళు లేరు. ముసలీ ముతకా, చివరికి పాలు పోసే బిహారీ కూడా 'సిక్కు మావ' అనే అనేవాడు. రైల్వేలో ఒంట్లో బాలేదని డాక్టరు చేత రాయించుకుని డ్యూటీ ఎగ్గొట్టడాన్ని సిక్కు చెయ్యడం అంటారు. వర్క్‌షాపులో ఎప్పుడో ఒకప్పుడు చెయ్యనివాడు లేడు. మావ మాత్రం దాన్ని సంగీతంలా సాధన చేశాడు. కొత్తగా బదిలీ మీద వచ్చిన పంజాబీ ఫోర్‌మన్ ఒకాయన ఈ పేరు విని, మనవాడెవడో ఇంత దూరంలో ఉన్నాడని ఎంతో ఆప్యాయంగా వెతుక్కుంటూ వచ్చి, బట్టతల మీద నూనె నిగనిగలాడుతున్న ఈ శ్రీకాకుళం మనిషిని చూసి నీరుగారిపోయాడట.

ఫుట్‌బాల్ టోర్నమెంటు మొదలైతే మావకి కడుపునొప్పి. మా తెలుగువాళ్ళ మాతాపూజ రోజుల్లో నడుంనొప్పి. మార్కెట్లోకి మంచి ఇలిష్ చేప దిగిన వారం తలతిరుగుడు. రైల్వే ఆసుపత్రిలో డాక్టర్లు మారేవాళ్ళు గానీ మావ నొప్పులు మారేవి కావు.

ఆ విద్యలో ఆయనకి సిద్ధాంతాలుండేవి. చంకలో ఉల్లిపాయ పెట్టుకుని జ్వరం తెచ్చుకునేవాళ్ళంటే చిన్నచూపు. "అది గుంటల పనిరా. ఇస్కూలు ఎగ్గొట్టడానికి పనికొస్తాది. ఉద్యోగస్తుడికి మర్యాద ఉండొద్దేటి?" అనేవాడు. సాయంత్రాలు టీ బడ్డీ బల్ల మీద కూచోబెట్టుకుని నాకు పాఠం చెప్పేవాడు. నేను హిజ్లీ కాలేజీ కేంపస్‌లో ఆఫీసు గుమస్తాని, సిక్కు చేసే ధైర్యం జన్మలో లేనివాణ్ణి. అయినా వదిలేవాడు కాదు.

"డాక్టరు కాడికెల్లి నొప్పి నొప్పి అని గోల సేసినావా, రెండు గోళీలిచ్చి తోలేస్తాడు. నొప్పి దాసుకోవాల. 'ఏటీ నేదు బాబూ, డ్యూటీకెల్లిపోతాను, ఇంట్లో ఆడోళ్ళు పోరు పెడితే వొచ్చినాను' అనాల. అనీసి లెగబోయి, కుర్సీ పట్టుకుని, అలాగ కిటికీ వేపు సూడాల. అంతే. దాసుకున్న నొప్పినే డాక్టరు నమ్ముతాడు."

చెబుతూ చెబుతూ లేచి చేసి చూపించేవాడు. ఎన్నిసార్లు చూసినా నాకు ఒక్క క్షణం పాటు ఆయన్ని పడిపోకుండా పట్టుకోవాలనిపించేది. టీ బడ్డీ దాదా, అంటే బెంగాలీలో అన్న, ఓసారి నిజంగానే మొహాన నీళ్ళు కొట్టాడు.

ఇలాంటివాడికి నిజం జబ్బొస్తే ఎవరూ నమ్మరని, అలాగే పోతాడని మా అందరి అంచనా. అదేం జరగలేదు. ఓ పొద్దున్న తెలుగు పేపరు చదువుతూ, కనీసం దగ్గనైనా దగ్గకుండా పోయాడు. బతికినన్నాళ్ళూ రోగం లేకుండా లక్షణాలు చూపించిన మనిషి, లక్షణం ఒక్కటీ చూపించకుండా రోగంతో పోయాడు. డాక్టరు గుండె అన్నాడు. మా ఆవిడ దిష్టి అంది.

సరే, నేను చెప్పాలనుకున్నది ఆయన చావు సంగతి కాదు. ఆయన చెల్లెలి గాల్‌బ్లాడరు సంగతి.

ఆవిణ్ణి మేమంతా పిన్ని అంటాం. మొగుడు పోయాక అన్న పంచన చేరిందని ఎవరైనా అంటే ఊరుకునేది కాదు, అన్నే తన పంచన ఉన్నాడనేది. పూరీ గేట్ దగ్గర తోపుడు బండి మీద ఇడ్లీలు వేసేది. వేడి సాంబారు కాలి మీద ఒలికినా "ఏటీ నేదు" అని ఇంకో ప్లేటు కడిగే మనిషి. అన్న ఆ మాట నటించి బతికాడు, చెల్లెలు నిజంగా అని బతికింది. మావకి రైల్వే వైద్యం ఉంది. పిన్నికి ఉన్నది గవర్నమెంటు వాళ్ళిచ్చిన హెల్త్ కార్డు. పెద్ద జబ్బు చేస్తే ఆసుపత్రిలో ఆ కార్డే దిక్కు.

ఓ చలికాలం మా మైదానంలో ఉచిత వైద్య శిబిరం పెట్టారు. పెట్టింది ఊరి చివర కొత్తగా వెలిసిన నర్సింగ్ హోమ్. దాని పేరెందుకు, ఓ దేవత పేరు. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, బీపీ చూసే బల్ల, సుగరు చూసే బల్ల, అన్నిటికీ చివర బిస్కట్ పొట్లాలు. రిటైరయ్యాక కూడా, మిగతావాళ్ళు తీర్థానికెళ్ళినట్టు మావ శిబిరాలకెళ్ళేవాడు. ఆ రోజు ప్రతి బల్ల దగ్గరా ఓ కొత్త నొప్పి ప్రదర్శించాడు. గుండె చూసే బల్ల దగ్గర కుర్ర డాక్టరు భయపడి నీళ్ళు తెప్పించాడు. ఇంత చేశాక ఆఖరి బల్ల దగ్గర, కంప్యూటరూ వేలిముద్ర మిషనూ ముందేసుకుని కూచున్నవాడు కార్డు చూసి, "రైల్వేనా? మీకవదు" అని బిస్కట్లు చేతిలో పెట్టి పక్కకి తోసేశాడు. కళాకారుడికి ఇంతకన్నా అవమానం లేదు.

అదే బల్ల దగ్గర పిన్నికి జరిగిన మర్యాద వేరు. పిండి రుబ్బి, ఆవిరి కాలి ఆవిడ వేళ్ళు అరిగిపోయి ఉన్నాయి, మిషను పట్టడం లేదు. వాడు విసుక్కోలేదు. తన జేబురుమాలు తీసి ఒక్కో వేలూ తుడిచి, ఒకటి కాకపోతే ఒకటి, పట్టేదాకా పెట్టించాడు. "కార్డు అప్‌డేట్ మాసీమా, మీ మంచికే" అన్నాడు.

ఇంటికొస్తూ మావ అన్నాడు: "ఒరే, నాను గుండె పట్టుకుని ఒరిగిపోతే సూడలేదు. నా సెల్లెలి బొటనేలు మీద మాత్రం ఆడికంత పేమేటిరా?"

తర్వాత కొన్నాళ్ళకి మా వీధిలోకి ఆ నర్సింగ్ హోమ్ వ్యాను రావడం మొదలైంది. ఒక్క రాత్రి ఆసుపత్రిలో చేరండి, అంటే వాళ్ళ మాటలో భర్తీ అవండి, అన్ని పరీక్షలూ ఫ్రీ, భోజనం ఫ్రీ. కొందరు ఆడవాళ్ళు వెళ్ళొచ్చారు. ఏసీ గది, గుడ్డు కూర, వచ్చేటప్పుడు దుప్పటి. జబ్బేమిటో వాళ్ళూ చెప్పలేదు, వీళ్ళూ అడగలేదు. గుడ్డు కూర పెట్టేవాణ్ణి జబ్బేమిటని ఎవరడుగుతారు?

మావ టీ గ్లాసు పట్టుకుని ఆ వ్యాను వంకే చూసేవాడు. "నాను ఇన్నేళ్ళు కష్టపడి నేర్సుకున్న ఇద్దెరా. ఈళ్ళకి వేనెక్కించుకుని మరీ సేయిస్తన్నారు. ఊరికే సిక్కు సేయించీవోడు లోకంలో నేడు. ఇందులో ఎవుడిదో లాభం ఉన్నాది." అని ఊరుకున్నాడు. అనుమానమైతే పడ్డాడు గానీ, ఎవరికీ చెప్పలేదు, ఎవరినీ ఆపలేదు. దొంగకి దొంగ మీద ఉండే మర్యాద అనుకుంటాను.

వానాకాలంలో ఓ పొద్దున్న మావ మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. ఆయన పరిగెత్తడం నేను అదే చూడ్డం. "ఒరే, సెల్లికి నొప్పొచ్చింది."

"చెప్పిందేటి?"

"సెప్పలేదు. ఇడ్లీ రేకుల్లో పిండేస్తా, ఎడం సేత్తో కుడి డొక్క నొక్కుకుని, గేటు వేపు సూసింది. నన్ను సూసి సెయ్యి తీసీసింది. నిజం నొప్పిరా అది. నాకు తెలీదేటి?"

స్కానింగు తీస్తే గాల్‌బ్లాడరు నిండా రాళ్ళు. బెంగాలీలో దాన్ని పిత్తథలి అంటారు. మావ దాన్ని 'పిత్తు తిత్తి' చేసేశాడు. తెలుగులో ఆ మాటకి వేరే అర్థం వస్తుందని నేను నెమ్మదిగా చెప్పాను. "వొస్తే రానీ, కడుపులోదే గదా" అన్నాడు. ఆపరేషను చెయ్యాలి, ఆలస్యం చెయ్యకూడదన్నారు. కార్డు పట్టుకుని ముగ్గురం లోకల్ ట్రైన్లో మిద్నాపూర్ వెళ్ళాం. అక్కడ పెద్దాసుపత్రి.

కార్డుల కౌంటర్లో ఓ బెంగాలీ అమ్మాయి. కార్డు తీసుకుంది, పిన్ని వేలు పెట్టించింది, కంప్యూటరు వంక చూసింది, పిన్ని వంక చూసింది.

"మాసీమా, మీ గాల్‌బ్లాడర్ తీసేశారు కదా, మళ్ళీ ఎందుకొచ్చారు?"

పిన్ని తన పొట్ట వంక చూసుకుంది. "నాకెవులూ సెప్పలేదమ్మా" అంది.

ఆ అమ్మాయి తెరని మా వైపు తిప్పింది. శిబిరం అయిన కొద్ది రోజులకే, ఆ దేవత పేరు నర్సింగ్ హోమ్‌లోనే, పిన్నికి ఆపరేషన్ జరిగింది. భర్తీ అయింది, కోశారు, కుట్టారు, కోలుకుని ఇంటికెళ్ళింది. దానికయ్యే డబ్బంతా కార్డులోంచి వాళ్ళకి ముట్టింది.

మావ స్కానింగు ఫిల్మ్ తీసి అద్దానికి ఆనించాడు. "తీసీసిన తిత్తిలో రాళ్ళెలాగుంటాయమ్మా?"

ఆ అమ్మాయి ఫిల్మ్ చూసింది, తెర చూసింది, పాపం ఏడుపు మొహం పెట్టింది. "నేను నమ్ముతాను దాదూ. కంప్యూటర్ నమ్మదు. ఒకే అవయవం రెండోసారి తియ్యడానికి అది ఒప్పుకోదు. ఇక్కడే జిల్లా ఆరోగ్య ఆఫీసుంది. అక్కడ కంప్లైంట్ ఇచ్చి సరిచేయించుకుంటేనే అవుతుంది."

డాక్టరు నొప్పికి మందులు రాసి, జ్వరం గానీ వస్తే క్షణం ఆగొద్దని హెచ్చరించి పంపాడు. తిరుగు బండిలో పిన్ని, "పోనీ ఒగ్గీ అన్నియ్యా. ఇన్నాళ్ళూ ఉన్న రాళ్ళే గదా" అంది. మావ కిటికీలోంచి కంసావతి నది వంక చూస్తూ ఉండిపోయాడు. గిరి మైదాన్ స్టేషను దాటాక ఉన్నట్టుండి పేలాడు.

"నాను దొర్లినానురా! కింద పడి దొర్లినాను! సెమట పట్టించుకున్నాను! డాక్టరు నొక్కితే నొప్పి నేని కాడ కూడా పళ్ళు బిగించినాను! ఈళ్ళు కుర్సీల్లో కూకుని, మనిసి గేటు కాడ ఇడ్లీలమ్ముకుంటుంటే సిక్కు సేయించీసినారు! సిగ్గు నేదేటి?"

పెట్టెలో జనమంతా మా వైపు తిరిగారు. ఆయన కోపం చెల్లెలి కోసమా, వృత్తి కోసమా అని నాకు ఆ క్షణంలో నిజంగా అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆ నర్సింగ్ హోమ్‌కి వెళ్ళాడు. రిసెప్షన్ నిండా జనం. దెబ్బలాడతాడనుకున్నాను. దేవత పటానికి దణ్ణం పెట్టుకుని, హాలు మధ్యలో నిలబడి, మొదలుపెట్టాడు. బెంగాలీలో మొదలై హిందీలోకి దిగి, మధ్యమధ్య తెలుగులో మురిసిపోతూ సాగింది.

"ఏం డాక్టర్లండీ! ఏం చేతులండీ! మా చెల్లికి ఇక్కడ ఆపరేషనైంది. నొప్పి తెలీలేదు. రక్తం రాలేదు. కుట్టు లేదు, మచ్చ లేదు. అసలు అది ఇక్కడికి రానే లేదు! పూరీ గేట్ దగ్గర ఇడ్లీలు అమ్ముతూనే ఉంది, ఇక్కడ తిత్తి తీసేశారు! ఇలాంటి ఆసుపత్రి కలకత్తాలో ఉందా? ఢిల్లీలో ఉందా?"

ముందు నవ్వారు. తర్వాత ఎవరి కార్డులు వాళ్ళు జేబుల్లో తడుముకోవడం మొదలైంది. ఓ ముసలాయన లేచి కౌంటర్ దగ్గరకెళ్ళి, "నాకేం తీశారో కాస్త చూసి చెప్తారా?" అన్నాడు. ఆయన వెనక వరస తయారైంది.

లోపల్నించి ఒకాయన హడావుడిగా వచ్చాడు. మావనీ నన్నూ చేతులు పట్టుకుని పక్క గదిలోకి లాక్కుపోయి తలుపేశాడు. చూద్దును కదా, మనవాడే. రైల్వే ఆసుపత్రిలో కట్లు కట్టే డ్రెస్సరుగా చేసి రిటైరై, ఇక్కడ జనాన్ని చూసుకునే ఉద్యోగంలో చేరాడు. మావ ప్రతి నొప్పినీ దగ్గరుండి చూసిన మనిషి.

"ఏదో కంప్యూటర్ పొరపాటు మావా. సెల్లిని తీసుకొచ్చీ, ఇక్కడే గుట్టుగా సేయించీద్దాం, పైసా వొద్దు" అన్నాడు.

"సేయిద్దువుగాని. ముందు తీసిన తిత్తి ఇచ్చీ. సీసాలో ఏసి ఉంచుతారు గదా. మాది మాకిచ్చీస్తే దాని కడుపులో ఎట్టించుకుని, మిద్నాపూర్లో మర్యాదగా తీయించుకుంటాం."

డ్రెస్సరు మొహం మారింది. కుర్చీ లాక్కుని కూచున్నాడు. "నువ్వా మావా నాకు సెప్పేది? నీ కడుపునొప్పులకి పట్టీలేసిన సేతులివి. బయట ఆళ్ళందరి ముందూ నాను సెప్పనా? పింఛనాఫీసుకి ఒక్క అర్జీ రాసి పడెయ్యనా?"

మావ ఇస్త్రీ చొక్కా సర్దుకుని అన్నాడు: "దొంగ సిక్కు సేసినాను. నేదన్ను. నా కడుపుతోటే సేసినాను. ఇంకోళ్ళ కడుపు వాడుకోలేదు."

"వాడుకోలేదేటి?" అన్నాడు డ్రెస్సరు, చాలా మెల్లగా. "నువ్వు మైదానంలో బంతాట సూస్తన్నప్పుడు నీ పనెవుడు సేసినాడు? పనాగిందేటి?"

మావ తలుపు తీసుకుని, హాల్లో ఎవరి వంకా చూడకుండా బయటికొచ్చేశాడు.

తర్వాత రెండు మూడు రోజులు టీ బడ్డీ దగ్గరికి రాలేదు. మావకి ఒంట్లో బాలేదన్నారు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. నేను వెళ్తే గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. "నిజంగా రాస్తాడంటావా?" అన్నాడు. పింఛను పోతుందని భయం. అలాంటిదేం జరగదని ఎంత చెప్పినా వినలేదు. వంటింట్లో పిన్ని పొయ్యి ముందు పీట వేసుకుని కూచుని, గిన్నె దింపే పట్టకారు, మేం సట్రం అంటాం, పట్టుకుని లేవబోయి, మళ్ళీ ధబ్బున కూచుండిపోయింది. ఆ మోత విని మావ ఇటు తిరిగాడు. చెల్లెలి వైపు చూశాడు. ఆవిడ "ఏటీ నేదు" అంది. మావ లేచి, ఆవిడ చేతిలోంచి సట్రం తీసుకుని పొయ్యి మీంచి గిన్నె దింపాడు. అంతే.

ఆ సాయంత్రం నుంచీ ఆయన వీధుల మీద పడ్డాడు. శిబిరంలో వేలు పెట్టినవాళ్ళు, వ్యానెక్కినవాళ్ళు, ఎవరెవరో ఆయనకి తెలుసు. గుమ్మం గుమ్మానికీ వెళ్ళి ఒకటే ప్రశ్న: "అమ్మా, నీ పొట్ట మీద మచ్చ ఉన్నాదేటి?" మొదటి ఇంట్లో చీపురు దెబ్బ తిన్నాడు. రెండో ఇంట్లో మొగుడు బయటికొచ్చాడు. ఇక లాభం లేదని పిన్నిని ముందు పెట్టుకున్నాడు. ఆవిడ డొక్క నొక్కుకుంటూ నాలుగు ఇళ్ళు తిరిగి విషయం చెప్పేసరికి కాలనీ ఆడవాళ్ళకి గుడ్డు కూర రుచి వేరుగా తెలిసింది.

జిల్లా ఆఫీసుకి వెళ్ళిన రోజు లోకల్ ట్రైన్లో ఒక వరస సీట్లన్నీ మావాళ్ళే. పులిహోర పొట్లాలు, తమలపాకులు, గోల. తీర్థానికెళ్తున్నట్టే ఉంది.

ఆఫీసరు ఓ యువ డాక్టరమ్మ, బెంగాలీ ఆవిడ. ఇంతమందిని చూసి కంగారుపడింది. మావ ముందుకెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, ముందు నా సంగతి రాసుకోండి. నేను రైల్వేలో పనిచేసినన్నాళ్ళూ దొంగ జబ్బులు చెప్పి జీతం తిన్నవాణ్ణి. రేపు ఎవరో మీకు ఈ మాట చెప్తారు. వాళ్ళు చెప్పకముందే నేను చెప్తున్నాను. నేను దొంగనే. అందుకే ఇది దొంగతనం అని గట్టిగా చెప్పగలుగుతున్నాను."

ఆయన కుర్చీ పట్టుకోలేదు, కిటికీ వేపు చూడలేదు. అది నటన కాదని చెప్పగలిగినంత శిష్యరికం నేను అప్పటికే చేశాను.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "మెసోమశాయ్" అంది, బాబాయిగారూ అన్నట్టు. "రైల్వే సంగతి రైల్వే చూసుకుంటుంది. మీ చెల్లెల్ని పిలవండి."

తెర లాగారు. ఇటువైపు మేం నిలబడ్డాం. అటు నుంచి పిన్ని గొంతు, వచ్చీరాని బెంగాలీలో: "చూడమ్మా, బాగా చూడు. ఇది ఇడ్లీ కుండ కాలిన మచ్చ. ఇది చిన్నప్పుడు కుక్క కరిచింది. కత్తిది ఎక్కడుందో నువ్వే వెతుకు." ఆవిడ తర్వాత ఇంకొకావిడ, ఇంకొకావిడ. కంప్యూటరు ఒక్కొక్కరిలోంచీ ఒక్కో వస్తువు తీసేసింది. తెర వెనక పొట్టలు మాత్రం పుట్టినప్పటంత నున్నగా ఉన్నాయి. నవ్వులు మొదలయ్యాయి, డాక్టరమ్మ నవ్వు కూడా వినిపించింది.

ఆఖర్న మా వెనక వీధిలో ఒకింటి కోడలి వంతు. లెక్క ప్రకారం ఆ అమ్మాయికి గర్భసంచి తీసేశారు. ఆ అమ్మాయి ఆయాసపడుతూ, నిండు కడుపు మీద చెయ్యేసుకుని లోపలికెళ్ళింది.

తెర వెనక నవ్వులు ఆగిపోయాయి.

డాక్టరమ్మ బయటికొచ్చేసరికి మొహం ఎర్రగా ఉంది. "రేపు ఈ పిల్లకి కాన్పు కష్టమై ఆసుపత్రికి తెస్తే, కార్డు చూసి ఏమంటారు? గర్భసంచే లేదు, పొమ్మంటారు" అంది, మాతో కాదు, తనలో తను. ఆ రోజే ఫోన్ల మీద ఫోన్లు చేసింది.

పనులు జరగడానికి పట్టాల్సినంత సమయం పట్టింది. కాకపోతే డాక్టరమ్మ పిన్ని కార్డు మాత్రం ముందుగా సరిచేయించింది, జ్వరం రాకముందే. మిద్నాపూర్లో ఆపరేషనైంది, ఈసారి పిన్ని కూడా అక్కడే ఉంది. వెనక వీధి కోడలికి ఆడపిల్ల పుట్టింది. నర్సింగ్ హోమ్ మీద తనిఖీలొచ్చాయి, కార్డు తీసుకునే హక్కు పోయింది, కొన్నాళ్ళు తలుపులు మూశారు. తర్వాత బోర్డు మీద దేవత మారి మళ్ళీ తెరుచుకుంది. డ్రెస్సరు ఇప్పుడు రక్తపరీక్షలు చేసే ఇంకో చోట కనిపిస్తున్నాడు, నన్ను చూస్తే నమస్కారం కూడా పెడతాడు. లోకం నిటారుగా నిలబడిపోయిందని నేను చెప్పను.

మావ మాత్రం అప్పట్నించీ ఏ శిబిరం పెట్టినా కుర్చీ వేసుకుని వేలిముద్ర బల్ల పక్కన తయారు. "వేలంటే సంతకమేనే అప్పా. ఏటికి అని అడగాల. ఏటి జబ్బు, ఏటి సేస్తారు, అడిగి కాయితం పుచ్చుకోవాల. ఫోనుకి మెసేజీ వొస్తే సదివించుకోవాల. సదివీవోళ్ళు ఇంట్లో నేకపోతే నా కాడికి రా. నాకూ ఆ ఇంగిలీసు రాదు. ఇద్దరం కలిసి ఎవుడి కాడికో ఎల్దాం." మంచీ చెడూ చూసుకునేవాడు కాదు. నిజంగా సేవ చెయ్యడానికొచ్చిన ఓ కళ్ళ డాక్టర్ని ఇలాగే ప్రశ్నలతో కాల్చుకు తింటే, ఆయన విసిగి, తన డిగ్రీ పట్టా తెప్పించి చూపించాడు. మావ దాన్ని తలకిందులుగా పట్టుకుని సంతృప్తి పడ్డాడు.

పిన్ని మళ్ళీ బండి పెట్టుకున్నాక, ఓ ఆదివారం మావ మిఠాయి దుకాణంలో రసగుల్లాల కుండ కొని, నన్ను టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కించాడు. స్టేషన్ అవతల ఓ పాత ఇంటి ముందు దిగాం. అక్కడుండేది వర్క్‌షాపులో మావతో ఒకే మిషను మీద పనిచేసిన బెంగాలీ దాదా. మావ సిక్కులో ఉన్న రోజుల్లో ఆ పని కూడా ఆయనే లాగేవాడట. ఆ సంగతి మావ నాకెన్నడూ చెప్పలేదు. ఆ ఆదివారమే, టోటోలో, రోడ్డు వంక చూస్తూ చెప్పాడు.

దాదా బాగా వంగిపోయి ఉన్నాడు. మావ కుండ ఆయన చేతిలో పెట్టి, కూచోమన్నా కూచోకుండా, "దాదా, నా పని కూడా నువ్వే చేశావు. ఎప్పుడూ పైకి చెప్పలేదు. నన్ను తిట్టు" అన్నాడు.

దాదా గట్టిగా నవ్వాడు. "పిచ్చోడా! నువ్వు సిక్కులో ఉన్న రోజులే మాకు సెలవు. నీ వాగుడు లేక షాపంతా ఎంత ప్రశాంతంగా ఉండేదో! నువ్వెప్పుడు కడుపు పట్టుకుంటావా అని ఎదురుచూసేవాళ్ళం." అని, పైకి లేవని భుజంతో ఎలాగో కుండ మూత తీసి, ముందు మావ నోట్లోనే ఓ రసగుల్లా కుక్కాడు.

తిరిగొచ్చేటప్పుడు మావ టోటోలో నాకు వీపు తిప్పి కూచున్నాడు. వాగుడన్నందుకు నొచ్చుకున్నాడేమో అనుకున్నాను. గోల్ బజార్ దగ్గర టోటో ఆగినప్పుడు అన్నాడు:

"అబద్దం."

"ఏది మావా?"

"ఆడు సెప్పింది. నాను బాధపడకూడదని అబద్దమాడినాడు. నవ్వు ముందు నవ్వీసి, మాట తరవాత అన్నాడు. అలాగాడకూడదు, దొరికిపోతాం." చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. "ఆడికి సేతకాదురా. ఎప్పుడూ సేతకాదు. అందికే రోజూ డ్యూటీకొచ్చీవోడు."